ఒంటి ఎత్తు, బరువు: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు

ఖమ్మం జిల్లా తూర్పు అంచున మొదలై, భద్రాద్రి కొత్తగూడెం అడవుల మీదుగా గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్ వైపు సాగే ప్రాంతంలో మనిషి ఎత్తును, బరువును కొలిచే పద్ధతి ఒక్కటి కాదు. కోయలు, కొండరెడ్లు, లంబాడాలు, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయలు, మైదానం నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు, సింగరేణి కార్మికులు ఇక్కడ పక్కపక్కనే ఉంటారు. ఒకే గూడెంలో ముసలమ్మ మనవడి ఎదుగుదలను మొలతాడుతో గుర్తుపడుతుంది. కొడుకు తన ఎత్తును అడుగుల్లో, అంగుళాల్లో చెబుతాడు. అంగన్‌వాడీ టీచరు అదే పిల్లవాడి పొడవును సెంటీమీటర్లలో రాసి ఫోనులో నమోదు చేస్తుంది. ఈ మూడు కొలతలూ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అయితే కొలిచిన అంకె ఎవరికి చేరుతోందన్నది ఇక్కడ అసలు ప్రశ్న. నూరేళ్లకు పైగా ఈ అడవి మనుషుల ఒంటి కొలతలు వేరేవాళ్ల పుస్తకాల్లోకే ఎక్కువగా వెళ్లాయి.

శరీరమే కొలబద్ద

మీటరు రాకముందు తెలుగు ఊళ్లలో పొడవుకు కొలబద్ద మనిషి ఒళ్లే. నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు. చాచిన బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా జాన. మోచేయి నుంచి నడిమి వేలి కొస దాకా మూర. రెండు చేతులూ బారజాపితే బార. పూలమాల మూరల్లో, తాడు బారల్లో ఇంకా కొలుస్తూనే ఉన్నారు. నీటి లోతుకు మాత్రం నిలువు అనేది కొలత: నిలబడ్డ మనిషి ఎత్తు. బావి రెండు నిలువుల లోతుంటుంది, వాగు మోకాలి లోతో, మొల లోతో, పీకల లోతో పారుతుంది. వానాకాలంలో వాగు దాటి బడికో ఆసుపత్రికో వెళ్లాల్సిన గూడేలలో ఈ లెక్క ప్రాణాలకు సంబంధించినది. పెద్దవాళ్లకు మొల లోతు ఉన్న వాగు పిల్లలకు పీకల లోతవుతుంది.

బార, నిలువు దాదాపు సమానం. ఈ సంగతి వైద్యులకూ పనికొస్తుంది. నడుం వంగిపోయిన వృద్ధుల్ని గోడకు ఆనించి నిలబెట్టలేనప్పుడు చేతుల బారను కొలిచి ఎత్తును అంచనా వేస్తారు.

ఎత్తును అడుగుల్లో చెప్పే అలవాటు ఈ ప్రాంతంలో గట్టిగా నిలబడడానికి గోదావరి కూడా తోడయింది. దేశమంతా మీటర్లకు మారినా భద్రాచలం దగ్గర నది మట్టాన్ని నేటికీ అడుగుల్లోనే ప్రకటిస్తారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరి పట్టణాన్ని భయపెట్టింది. ఆ అంకెలు ఇక్కడి పిల్లలకు కూడా నోటికి వచ్చు. నదికీ మనిషికీ ఒకే కొలమానం ఉన్నచోట "ఐదడుగుల నాలుగంగుళాలు" అన్న మాట వెంటనే కళ్లకు కడుతుంది. 162 సెంటీమీటర్లు అంటే ఆగి ఆలోచించాలి.

బరువుకు పూర్వం ఇలాంటి ఒంటి కొలత లేదు. కానీ బరువు మారిందని తెలుసుకునే గుర్తులు ఉండేవి, ఇప్పుడూ ఉన్నాయి. పసిబిడ్డ మొలతాడు బిగిస్తే బిడ్డ ఎదుగుతున్నట్టు, కిందికి జారితే చిక్కినట్టు. ఆడవాళ్లకు గాజులు, జాకెట్టు ఆ సంగతి చెబుతాయి. మగవాళ్లకు లుంగీ ముడి, బెల్టు రంధ్రం చెబుతాయి. వయసుకు కూడా ఒంటి గుర్తే ఉండేది. కుడిచేతిని తల మీదుగా తిప్పితే ఎడమ చెవి అందిన పిల్లను బడిలో చేర్చుకునేవాళ్లు. చిన్నతనంలో ఒంటితో పోలిస్తే తల పెద్దది, చేతులు పొట్టివి. అయిదారేళ్లకు చేతులు సాగి చెవిని అందుకుంటాయి. పుట్టిన తేదీ రాసిపెట్టుకోని కాలంలో అది ఆధారం లేని పద్ధతేమీ కాదు. కాకపోతే తిండి చాలక ఎదుగుదల మందగించిన పిల్ల ఆ పరీక్షలో వెనకబడి బడికి ఆలస్యంగా చేరే ప్రమాదం ఉంది.

నిలువెత్తు బంగారం

ఈ అడవుల్లో మనిషిని పదిమంది ఎదుట తూచే పెద్ద సందర్భం మేడారం జాతర. ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క–సారలమ్మ జాతరకు మణుగూరు, పినపాక, ఇల్లెందు వైపు నుంచి జనం తరలి వెళతారు. కోయ పూజారుల చేతుల మీదుగా సాగే ఈ జాతరలో బెల్లాన్ని బంగారం అంటారు. జబ్బు నయమైతే, సంతానం కలిగితే, అనుకున్న పని నెరవేరితే తమ ఎత్తు బంగారం ఇస్తామని మొక్కుకుంటారు. మాట ఎత్తును చెబుతుంది, చెల్లించేది బరువును. త్రాసులో ఒకవైపు మనిషి, మరోవైపు బెల్లం దిమ్మలు. పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా కూర్చుంటారు. ఆ తూకంలో ఎవరి బరువూ సిగ్గుపడాల్సిన విషయం కాదు. లావుగా ఉన్న మనిషి అమ్మవారికి ఎక్కువ బంగారం ఇస్తాడు, అంతే. ఆసుపత్రి తూకం దగ్గర ముడుచుకుపోయే మనుషులు ఇక్కడ సంతోషంగా తూగుతారు. ఆరోగ్య శాఖవాళ్లు ఈ తేడాను గమనించి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

అంగడి త్రాసు

బరువును అంకెలో చెప్పడం ఈ ప్రాంతానికి అంగడితో వచ్చింది. అడవి మనిషి ధాన్యాన్ని తూచేవాడు కాదు, కొలిచేవాడు: గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం. ఇప్పపువ్వు, చింతపండు, కుంకుళ్లు, తేనె సంతకు చేరాక తూకం వ్యాపారి చేతిలోకి పోయేది. పైగా గోదావరి ఒడ్డులు రెండూ రెండు రాజ్యాలు. 1860లో నిజాం భద్రాచలం ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు వదిలాడు. అది మొదట సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిసింది. అవతలి ఒడ్డున పాల్వంచ, బూర్గంపహాడ్ నిజాం ఏలుబడిలోనే ఉన్నాయి. మద్రాసు లెక్కలో ఎనిమిది వీశెలు ఒక మణుగు, అంటే 25 పౌన్లు, మన లెక్కలో 11 కిలోల పైచిలుకు. నలభై శేర్ల పక్కా మణుగు 37 కిలోలు దాటుతుంది. ఒకే మాటకు మూడింతల తేడా. తూకం తెలియని మనిషి ఏ ఒడ్డున ఎంత పోగొట్టుకునేవాడో ఊహించవచ్చు. త్రాసు మీద అడవిలో పాతుకున్న అపనమ్మకానికి ఇలాంటి గతం ఉంది.

మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరు నుంచి దశలవారీగా దేశంలో అమలయ్యాయి. 1953లో వరంగల్ నుంచి విడివడి ఏర్పడ్డ ఖమ్మం జిల్లాలో భద్రాచలం 1959లో కలవడంతో రెండు ఒడ్డులూ ఒకే జిల్లా కిందికి వచ్చాయి. గిరిజన సహకార సంస్థ 1956లోనే మొదలై అటవీ ఉత్పత్తులను కిలోల లెక్కన కొనడం అలవాటు చేసింది. శేరు, వీశె, మణుగు ఒక తరంలో మాయమయ్యాయి. మనిషి బరువు మాత్రం మొదటి నుంచీ కిలోల్లోనే జనం నోట్లోకి వచ్చింది, ఎందుకంటే మామూలు మనిషి తూకం ఎక్కడం మొదలైంది ఆ తర్వాతే. ధాన్యం దుకాణం కాటా, పెద్ద రైల్వే స్టేషన్లలో నాణెం వేస్తే చీటీ ఇచ్చే యంత్రం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మూలనున్న తూకం: మొదటిసారి బరువు చూసుకున్నది ఇలాంటి చోట్లే. ఎత్తుకు పాత కొలత పాతుకుపోయి ఉంది కనుక అడుగులు మిగిలాయి.

పండితులు తీసుకెళ్లిన కొలతలు

ఇంగ్లీషు ప్రభుత్వ కాలంలో మనుషుల ఎత్తు, తల చుట్టుకొలత, ముక్కు వెడల్పు కొలిచి కులాలను, తెగలను వర్గీకరించే ప్రయత్నం సాగింది. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ అలాంటి కొలతలతో, వర్ణనలతో 1909లో ఏడు సంపుటాల గ్రంథం వెలువరించాడు. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ కోయల గురించి రాసిన సమాచారం అలాంటి రచనలకు ఆధారమైంది. ముక్కు కొలతను బట్టి జాతి నిర్ణయించే ఆ శాస్త్రాన్ని తర్వాతి శాస్త్రం పూర్తిగా తోసిపుచ్చింది. అది పోవడమే మేలు. కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో పుస్తకం ప్రచురించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దారి వేరు. కలప వ్యాపారుల కింద నలిగే ఆ మనుషుల బతుకును, తిండిని, అప్పును ఆయన దగ్గరగా చూసి రాశాడు. ఒంటి కొలతలకు అర్థం వచ్చేది అలాంటి నేపథ్యం తెలిసినప్పుడే.

మాటల్లో ఒళ్లు

ఊళ్లో కలిసినప్పుడు మొదటి మాట తరచూ ఒంటి గురించే ఉంటుంది. "ఏంది, గిట్ల చిక్కినవ్", "మంచిగ ఒళ్లు చేసినవ్", "పోరడు పొడుగయిండు". ఇది పరామర్శ, నింద కాదు. చిక్కావని అనడంలో జ్వరమేమైనా వచ్చిందా, ఇంట్లో ఇబ్బందేమైనా ఉందా అన్న ప్రశ్న ఇమిడి ఉంటుంది. ఖమ్మం మాటలో తెలంగాణ, కోస్తా రెండూ కలుస్తాయి కనుక దొడ్డు, లావు రెండూ వినిపిస్తాయి. బక్క, సన్నం, పీల కూడా అంతే. బాగా ఎదగనివాడు గిడస, గట్టి ఒళ్లున్నవాడు దిట్టం. పని చేయగల ఒళ్లా కాదా అన్నదే ఈ మాటలన్నిటి వెనక కొలత. తునికాకు కోతకు, మిరప ఏరడానికి వెళ్లే కుటుంబంలో సన్నగా ఉండడం అందం కాదు, ఆందోళన.

పసిపిల్లల విషయంలో ఇదే మాట జాగ్రత్తగా వాడతారు. బిడ్డ బొద్దుగా ఉందని పైకి అంటే దిష్టి తగులుతుందని భయం. తరచూ తూచడం కూడా కొందరికి ఇష్టం ఉండదు. గర్భిణుల్లో మరో భయం ఉంది: ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కొందరు తిండి తగ్గిస్తారు. ఆసుపత్రి దూరంగా ఉండి, వాగు అడ్డంగా ఉన్నచోట ఈ భయానికి కారణం లేకపోలేదు. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం కన్నా కాన్పుకు వాహనం అందుతుందన్న భరోసా ఇవ్వడం ఎక్కువ పని చేస్తుంది. గర్భం మోసే కాలంలో మామూలు ఒళ్లున్న స్త్రీ 10 నుంచి 12 కిలోలు పెరగాలి. బిడ్డ రెండున్నర కిలోలకు తక్కువ పుడితే తక్కువ బరువుగా లెక్కిస్తారు.

అంగన్‌వాడీలో

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం మనిషి తూకాన్ని గూడెం దాకా తెచ్చింది. దూలానికి వేలాడదీసిన స్ప్రింగు కాటా, దానికి గుడ్డ ఊయల, అందులో ఏడ్చే బిడ్డ: రెండు తరాల తల్లులకు ఇది తెలిసిన దృశ్యమే. 2018లో పోషణ్ అభియాన్ ప్రకటించాక డిజిటల్ తూకాలు, ఎత్తు కొలిచే పరికరాలు వచ్చాయి. 2021 నుంచి వివరాలు పోషణ్ ట్రాకర్ యాప్‌లోకి ఎక్కుతున్నాయి.

కొలతలో మెలకువలున్నాయి. రెండేళ్ల లోపు బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి పొడవు తీస్తారు. ఆ పైన నిలబెట్టి ఎత్తు తీస్తారు. పడుకున్నప్పటి కొలత నిలబడ్డప్పటి కన్నా సుమారు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. చెప్పులు తీసి, మడమలు, పిరుదులు, వీపు, తల వెనక భాగం పలకకు ఆనించి, చూపు నేరుగా ఉంచాలి. జడ, కొప్పు విప్పకపోతే అంకె తప్పుతుంది. వెన్నుపూసల మధ్య మెత్తని పొరలు పగలంతా నొక్కుకుంటాయి కనుక సాయంత్రానికి మనిషి ఎత్తు ఇంచుమించు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. తూకాన్ని చదునైన నేల మీద పెట్టాలి, పేడతో అలికిన ఎగుడుదిగుడు నేల మీద కాదు. చిన్న పిల్లల్లో అర సెంటీమీటరు, వంద గ్రాముల తేడా కూడా బిడ్డను ఒక వర్గం నుంచి మరో వర్గంలోకి మారుస్తుంది.

అన్నిటికన్నా చిక్కు ముడి వయసు. ఎత్తు, బరువు సరిపోయాయో లేదో చెప్పాలంటే నెలల్లో వయసు తెలియాలి. ఏడాది నిండిన ఆడపిల్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణంలో మధ్యస్థ బరువు 8.9 కిలోలు, 7 కిలోలకు తగ్గితే తక్కువ బరువు. ఆ పిల్ల నిజానికి పది నెలలదైతే తీర్పు మారిపోతుంది. మారుమూల ఆవాసాల్లో, ముఖ్యంగా రోడ్డు లేని గుత్తికోయ గూడేలలో, పుట్టిన తేదీ కాగితం మీద లేనప్పుడు స్థానిక ఘటనలను పట్టుకుని వయసు తేలుస్తారు: జాతరకు ముందా తర్వాతా, శ్రీరామనవమికి పుట్టిందా, పెద్ద వరద వచ్చిన ఏడా. వయసుతో పని లేని కొలత కూడా ఒకటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల ఎడమ జబ్బ నడిమి భాగాన్ని రంగుల పట్టీతో కొలుస్తారు. 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే ఎరుపు, అంటే బిడ్డ తీవ్ర పోషకాహార లోపంతో ఉంది. 12.5 దాకా పసుపు, ఆ పైన ఆకుపచ్చ. అక్షరం రాని తల్లి కూడా ఆ రంగును చదవగలదు. ఈ ప్రాంతంలో వాడుతున్న పరికరాలన్నిటిలో ఎక్కువ మేలు చేసేది ఈ చిన్న పట్టీయే.

తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనం పెడుతున్నారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు బాలామృతం ఇస్తారు. 2022 డిసెంబరులో తొమ్మిది జిల్లాల్లో గర్భిణులకు పోషకాహార కిట్లు మొదలుపెట్టినప్పుడు భద్రాద్రి కొత్తగూడెం అందులో ఉంది. తూకంలో లోపం కనిపించినా తినడానికి ఏమీ అందకపోతే కొలిచిన శ్రమ వృథా కనుక, ఈ పథకాలను కొలతతో కలిపే చూడాలి.

"మా జాతే పొట్టి"

కోయ, కొండరెడ్డి పిల్లలు సహజంగానే పొట్టిగా ఉంటారని అధికారుల నుంచి తల్లిదండ్రుల దాకా చాలామంది అంటారు. పసితనం విషయంలో ఈ మాట నిలబడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో పిల్లల ఎదుగుదలను పరిశీలించింది. తల్లిపాలు, మంచి తిండి, శుభ్రత, వైద్యం అందినప్పుడు ఐదేళ్ల లోపు పిల్లలు ఢిల్లీలోనైనా ఓస్లోలోనైనా దాదాపు ఒకే తీరున ఎదిగారు. 2006లో వెలువడిన ప్రమాణాలకు అదే పునాది. గర్భంలోనూ మొదటి రెండేళ్లలోనూ తిండి కొరవడటం, పదే పదే విరేచనాలు, మలేరియా, ఈడు రాని పెళ్లిళ్ల వల్ల చిన్నతనపు కాన్పులు, తల్లి రక్తహీనత: పొట్టితనానికి కారణాలు ఇవి. ఆ రెండేళ్లలో పోయిన ఎత్తు తర్వాత పూర్తిగా తిరిగి రాదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 33.1 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు, 31.8 శాతం వయసుకు తగ్గ బరువు లేరు. 21.7 శాతం ఎత్తుకు తగ్గ బరువు లేరు. ఇది రాష్ట్రమంతటి లెక్క. గిరిజనుల పోషణను విడిగా పరిశీలించిన జాతీయ పోషణ పర్యవేక్షణ సంస్థ 1972లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో ఏర్పడింది, 2015లో మూతపడింది. అలాంటి సర్వేలు ఆగిపోవడం అడవి ప్రాంతాలకు నష్టమే.

పోలీసు ఉద్యోగానికి ఎత్తు

యువతీ యువకులు తమ ఎత్తును మొదటిసారి శ్రద్ధగా పట్టించుకునేది కానిస్టేబుల్ నియామకాలప్పుడు. తెలంగాణలో పురుషులకు కనీస ఎత్తు 167.6 సెంటీమీటర్లు, స్త్రీలకు 152.5. పూర్వపు ఖమ్మం, వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల ఏజెన్సీ గిరిజనులకు పురుషుల ఎత్తు 160, స్త్రీల ఎత్తు 150గా సడలించారు. పురుషుల ఛాతీ కొలతలోనూ సడలింపు ఉంది: మిగతావారికి 86.3 సెంటీమీటర్లు, వీరికి 80. ఈ దశాంశాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే తెలుస్తుంది. 167.6 అంటే ఐదడుగుల ఆరంగుళాలు. 152.5 అంటే ఐదడుగులు. 86.3 అంటే 34 అంగుళాలు. సర్కారు కాగితం సెంటీమీటర్లలో ఉన్నా లోపల ఉన్నది పాత అడుగే. ఈ సడలింపును దయగా భావించేవాళ్లున్నారు. పసితనంలో తిండి అందించని వ్యవస్థ తర్వాత ఆ పొట్టితనాన్నే అనర్హతగా చూపడం అన్యాయం కనుక ఇది న్యాయమైన సవరణ.

పెద్దల బరువు

పెద్దవాళ్ల ఒంటి తీరును ఎత్తుతో ముడిపెట్టి చూస్తారు. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే శరీర ద్రవ్యరాశి సూచిక వస్తుంది. బెల్జియం గణితవేత్త కెటెలే పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన లెక్కకు ఆ పేరు 1972లో ఆన్సెల్ కీస్ పెట్టాడు. 150 సెంటీమీటర్ల స్త్రీ 45 కిలోలుంటే సూచిక 20, సరిపోయినట్టే. 40 కిలోలే ఉంటే 17.8, అంటే 18.5 హద్దుకు దిగువన. భారతీయులకు 23 దాటితేనే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా చూడాలని మన వైద్యులు 2009లో నిర్ణయించారు. తక్కువ బరువులోనే మధుమేహం, గుండె జబ్బు కనిపించడం దానికి కారణం. నడుం చుట్టుకొలత పురుషుల్లో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటకూడదు.

అదే 2019–21 సర్వేలో తెలంగాణ స్త్రీలలో 18.8 శాతం సన్నగా, 30.1 శాతం అధిక బరువుతో ఉన్నారు. ఖమ్మం, కొత్తగూడెం పట్టణాల్లో బరువు తగ్గాలని పొద్దున్నే నడిచే మనుషులు, అక్కడికి నలభై యాభై కిలోమీటర్ల దూరంలో బరువు పెరగాల్సిన తల్లులు ఉన్నారు. ఒకే సలహా ఇద్దరికీ సరిపోదు.

తల్లులకు ఒక మనవి. నెలనెలా బిడ్డను తూచినప్పుడు అంకెను టీచరు ఫోనులోనే ఉండనివ్వకండి. పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత, పట్టీ ఏ రంగు చూపించింది అని అడగండి, మాతా శిశు సంరక్షణ కార్డులో రాయించుకోండి. వరసగా రెండు నెలలు బరువు పెరగకపోతే ఏఎన్ఎంకు చూపించండి. కోయలో, లంబాడీలో ఆ మాట చెప్పించుకోవడం మీ హక్కు.